ఆ గీత ఎవరిది? ఆండ్రోమెడా చుట్టూ ఉన్న వాయువును 43 క్వేజార్ల వెలుగులో కొలిచిన తీరు

క్వేజార్ అంటే ఎంతో దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు. దాని వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసిన వర్ణపటంలో 1205.3 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలిచే యూనిట్) దగ్గర ఒక చిన్న గుంట, అంటే శోషణ గీత, ఉందనుకోండి. సిలికాన్-3 అయాను (రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న సిలికాన్; పేరులోని అంకె పోయిన ఎలక్ట్రాన్ల కన్నా ఒకటి ఎక్కువ) మామూలుగా వెలుగును మింగే చోటు 1206.50. ఈ గుంట దానికి 1.2 ఆంగ్‌స్ట్రామ్‌లు నీలం వైపు జరిగి ఉంది. అంటే ఆ వాయువు సెకనుకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. ఆండ్రోమెడా గెలాక్సీ మన వైపు వస్తున్న వేగం కూడా అంతే. మరి ఆ వాయువు ఆండ్రోమెడాదేనని రాసేసుకోవచ్చా?

తొందరపడితే బోల్తా పడతాం. ఆకాశంలో ఆ దిక్కునే, ఇంచుమించు అదే వేగంతో, మాగెలానిక్ స్ట్రీమ్ (మన పొరుగు చిన్న గెలాక్సీలైన మాగెలానిక్ మేఘాల నుంచి సాగిన వాయు ప్రవాహం) తోక కూడా ఉంది. మన పాలపుంత మేఘాలు కొన్ని దానికి దగ్గరి వేగాల్లోనే తిరుగుతున్నాయి. వీటికి తోడు, ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మరో మేఘం తాలూకు హైడ్రోజన్ గీత కూడా జరిగి జరిగి సరిగ్గా ఇక్కడే వచ్చి కూర్చోవచ్చు. ఇలాంటి పనిలో సమయం ఎక్కువగా తినేది గీతను పట్టుకోవడం కాదు, దానికి యజమాని ఎవరో తేల్చడం.

ఇక్కడ చూస్తున్న కేసు ప్రాజెక్ట్ అమీగా. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన నికోలస్ లేనర్, క్రిస్టఫర్ హౌక్, వారి సహచరులు హబుల్ టెలిస్కోప్‌తో చేశారు. ప్రధాన ఫలితాలు 2020లో వచ్చాయి. ఆండ్రోమెడా చుట్టుపక్కల 43 క్వేజార్ల వర్ణపటాలు తీసుకుని, దారిలో ఆ గెలాక్సీ హాలో (గెలాక్సీ చుట్టూ పరుచుకున్న వాయు మండలం) ఎంత వెలుగును మింగిందో కొలిచారు. అంతకు ముందు 2015లో ఇదే బృందం హబుల్ ఆర్కైవ్‌లో అప్పటికే ఉన్న 18 క్వేజార్లతో నమూనా ప్రయత్నం చేసింది.

ఒకే గెలాక్సీ ఎందుకు

గెలాక్సీల చుట్టూ విశాలమైన వాయు మండలాలు ఉండాలనీ, క్వేజార్ల వర్ణపటాల్లో కనబడే శోషణ గీతల్లో చాలావాటికి అవే కారణమనీ జాన్ బాకాల్, లైమన్ స్పిట్జర్ 1969లోనే అన్నారు. ఆ వాయువును దాని సొంత వెలుగులో చూడటం దాదాపు కుదరదు. వాయువు వెలుగు ఇవ్వడం దాని సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. సాంద్రత పదో వంతుకు పడిపోతే వెలుగు నూరో వంతుకు పడిపోతుంది. మింగడం అలా కాదు, దారిలో ఎన్ని అయాన్లు తగిలాయన్నదే లెక్క. అందుకే వెనక నుంచి క్వేజార్ దీపం పట్టాలి.

ఇబ్బందల్లా దీపాల కొరత. దూరపు గెలాక్సీ ఆకాశంలో చిన్న చుక్క. దాని హాలో వెనక పడే మంచి క్వేజార్ ఒకటి దొరికితే గొప్ప. కాస్-హాలోస్ అనే సర్వేలో 44 గెలాక్సీలకు 39 క్వేజార్లు వాడారు. ఒక్కో గెలాక్సీకి ఒక్కో సూదిపోటు. అవన్నీ కలిపి ‘సగటు గెలాక్సీ’ని కుట్టుకోవాలి. ఒక గెలాక్సీలో లోపలి నుంచి బయటికి వాయువు ఎలా మారుతుందో అక్కడ తెలియదు. వేర్వేరు గెలాక్సీల్లో వేర్వేరు దూరాలు మాత్రమే తెలుస్తాయి.

ఆండ్రోమెడా 752 కిలోపార్సెక్‌ల దూరంలోనే ఉంది (ఒక కిలోపార్సెక్ దాదాపు 3,260 కాంతి సంవత్సరాలు). దాని విరియల్ వ్యాసార్ధం, అంటే గెలాక్సీ గురుత్వం పట్టు ఉండే హద్దు, సుమారు 300 కిలోపార్సెక్‌లు. మన ఆకాశంలో అది 23 డిగ్రీల పైమాటే. కార్తీక మాసంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో హైదరాబాదులో ఆండ్రోమెడా నడినెత్తికి ఉత్తరంగా 24 డిగ్రీల దూరంలో ఉంటుంది. దాని హాలో కంటికి కనిపించి ఉంటే, ఉత్తరాభాద్ర నక్షత్రంలోని ప్రకాశవంతమైన తార అల్ఫెరాట్జ్ కూడా ఆ వృత్తంలోనే పడేది. ఎందుకంటే అది ఆండ్రోమెడాకు 14 డిగ్రీల దూరంలోనే ఉంది. అంత వెడల్పాటి జాగా వెనక క్వేజార్లకు కరువు లేదు.

దూరం లెక్క చిన్నదే గానీ చేసి చూడటం మంచిది. జాబితాలో గెలాక్సీకి అతి దగ్గరి క్వేజార్ ఆర్‌ఎక్స్ జె0048.3+3941. పేరులోనే చిరునామా ఉంది (ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని గంటల్లో చెబుతారు, గంటకు 15 డిగ్రీలు): 0 గంటల 48.3 నిమిషాలు, ఉత్తరం 39 డిగ్రీల 41 నిమిషాలు. ఆండ్రోమెడా కేంద్రం 0 గంటల 42 నిమిషాల 44 సెకన్లు, ఉత్తరం 41 డిగ్రీల 16 నిమిషాలు. ఉత్తర దక్షిణాల తేడా 1.58 డిగ్రీలు. తూర్పు పడమరల తేడా 5 నిమిషాల 34 సెకన్లు, అంటే 1.39 డిగ్రీలు. దాన్ని 40.5 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే 1.06. రెండిటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 1.90 డిగ్రీలు. ఆండ్రోమెడా దూరంలో ఒక డిగ్రీకి 13.1 కిలోపార్సెక్‌లు కాబట్టి ఈ దారి గెలాక్సీ కేంద్రానికి 25 కిలోపార్సెక్‌ల పక్కగా పోతుంది. ఆ కొసైన్ మరిచిపోతే 27.6 వస్తుంది. పదులకొద్దీ డిగ్రీల దూరంలో ఉన్న క్వేజార్లకైతే ఈ సమతల లెక్క పనికిరాదు, గోళ త్రికోణమితి వాడాల్సిందే. అత్యంత దూరపు దారి 569 కిలోపార్సెక్‌ల దగ్గర ఉంది. 43లో 25 దారులు విరియల్ వ్యాసార్ధం లోపల పడ్డాయి.

క్వేజార్ల ఎంపికలో రెండు జాగ్రత్తలు. ఆండ్రోమెడా పాలపుంత తలానికి 22 డిగ్రీల కింద మాత్రమే ఉంది. హాలో ఉత్తరపు అంచు పాలపుంత ధూళిలోకి చొచ్చుకుపోతుంది. ధూళి అతినీలలోహితాన్ని మొదట తినేస్తుంది కాబట్టి అటువైపు వాడుకోదగ్గ క్వేజార్లు తక్కువ. రెండోది, క్వేజార్ మరీ దూరంగా ఉంటే మధ్యలో ఏదో ఒక దట్టమైన హైడ్రోజన్ మేఘం దాని దూర అతినీలలోహితాన్ని మొత్తంగా ఆపేసే అవకాశం ఎక్కువ. దగ్గరి క్వేజార్లే మేలు. దారిలో అనవసరపు మేఘాలూ తక్కువ తగులుతాయి.

పరికరం, దాని వంకలు

ఈ గీతలన్నీ అతినీలలోహితంలో ఉన్నాయి. వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. కవలూరు అబ్జర్వేటరీ అయినా హాన్లే అబ్జర్వేటరీ అయినా లాభం లేదు, అంతరిక్షంలోకి పోవాల్సిందే. 2009 మేలో వ్యోమగాములు హబుల్‌లో అమర్చిన కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్, అంటే కాస్, ఈ పని చేస్తుంది. వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడదీసే రెండు గ్రేటింగులు కలిపి 1150 నుంచి 1800 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా చూస్తుంది. విభజన సామర్థ్యం 17,000 ప్రాంతం, అంటే సెకనుకు 18 కిలోమీటర్లు.

కాస్ డిటెక్టర్‌లో సన్నని తీగల జాలీ నీడ వర్ణపటం మీద పడుతుంది. ఆ నీడ అచ్చం శోషణ గీతలాగే ఉంటుంది. కొత్తవాళ్లు దీన్నే గీత అనుకుని కొలిచేస్తారు. అందుకని గ్రేటింగ్‌ను నాలుగు స్థానాల్లోకి కొద్దికొద్దిగా జరిపి నాలుగు ఎక్స్‌పోజర్లు తీసుకోవాలి. నీడ డిటెక్టర్‌కు అతుక్కుని ఉంటుంది, గీత తరంగదైర్ఘ్యానికి అతుక్కుని ఉంటుంది. నాలుగూ పక్కపక్కన పెడితే ఏది ఏదో ఇట్టే తెలుస్తుంది. నాలుగింటిలోనూ కనబడితే తప్ప, కలిపిన వర్ణపటంలో గీత ఎంత అందంగా ఉన్నా నమ్మకూడదు.

పాత ఆర్కైవ్ సమాచారంతో మరో పేచీ. డిటెక్టర్ వాడేకొద్దీ అరుగుతుంది, కాబట్టి కొన్నేళ్లకోసారి వర్ణపటం పడే చోటును డిటెక్టర్ మీద కొత్త జాగాకు మారుస్తారు. చోటు మారితే గీత ఆకారాన్ని సాగదీసే ఫంక్షన్ కూడా మారుతుంది. పైగా అది గాసియన్ (గంట ఆకారపు వంపు) కాదు, ఇరువైపులా పొడవాటి తోకలున్నది. 2010 నాటి ఎక్స్‌పోజర్‌నూ 2016 నాటి ఎక్స్‌పోజర్‌నూ కలిపి ఒకే ఫంక్షన్‌తో ప్రొఫైల్ ఫిట్ చేస్తే వెడల్పులు తప్పుతాయి.

తరంగదైర్ఘ్యం విషయంలో కూడా ఫైల్ హెడర్‌ను గుడ్డిగా నమ్మకూడదు. సెకనుకు 10 నుంచి 20 కిలోమీటర్ల తేడాలు సాధారణం. ఆ తేడా వర్ణపటం పొడవునా ఒకేలా ఉండదు. మొత్తాన్ని ఒకే అంకెతో జరపడం కాకుండా, పాలపుంత వాయువు ఇచ్చే బలమైన గీతల్ని మైలురాళ్లుగా పెట్టుకుని ముక్కముక్కగా సరిచేయాలి. రెండు గ్రేటింగులకూ పొంతన కుదర్చడానికి సిలికాన్-2 బాగా పనికొస్తుంది. దాని 1260 గీత ఒకదానిలో, 1526 గీత మరొకదానిలో పడతాయి. పాలపుంతలో రెండూ ఒకే వాయువువి కాబట్టి వేగాలు కలవాలి.

ఇక భూమి పైపొరల్లోని హైడ్రోజన్, ఆక్సిజన్ తమ వెలుగును 1216 దగ్గరా, 1302 నుంచి 1306 దాకానూ చల్లుతాయి. కాస్ ప్రతి ఫోటాన్‌కూ వచ్చిన సమయం నమోదు చేస్తుంది. హబుల్ భూమి నీడలో ఉన్నప్పుడు వచ్చిన ఫోటాన్లనే ఏరి మళ్లీ వర్ణపటం తీస్తే ఆక్సిజన్ వెలుగు చాలావరకు తగ్గిపోతుంది. హైడ్రోజన్ వెలుగు మాత్రం రాత్రి కూడా వదలదు.

గుంట నుంచి అంకె దాకా

గీత చుట్టుపక్కల గీతలేని చోట్లను చూసి లెజెండర్ పాలినామియల్‌ (వంపు గీతలు గీసే గణిత సూత్రం) తో క్వేజార్ అసలు వెలుగు మట్టాన్ని గీయాలి. డిగ్రీ తక్కువగా ఉంచాలి. డిగ్రీ పెంచితే ఫిట్ కంటికి ఇంపుగానే ఉంటుంది కానీ, అది గీతలోకి దిగి అసలు సంగతినే కొంత తినేస్తుంది. ఇక్కడ సిలికాన్-3కు ఒక చిక్కు ఉంది. 1206.5 అనేది పాలపుంత లైమన్-ఆల్ఫా (హైడ్రోజన్ ఇచ్చే అతి బలమైన గీత) పెద్ద గుంట అంచు మీద పడుతుంది. నేల ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మట్టాన్ని ఆ చుట్టుపక్కల వరకే, విడిగా గీయాలి.

ఆ తర్వాత ప్రతి పిక్సెల్‌లో మట్టానికీ మిగిలిన వెలుగుకూ నిష్పత్తి తీసి, దాని సహజ లాగరిథమ్ కడితే ఆప్టికల్ డెప్త్, అంటే వాయువు వెలుగును ఎంత అడ్డుకుందో చెప్పే అంకె, వస్తుంది. దాన్ని వేగం పొడవునా కూడి, 3.768 × 10¹⁴తో గుణించి, ఆసిలేటర్ స్ట్రెంగ్త్ (ఆ అయాను ఆ గీతలో వెలుగును ఎంత బలంగా మింగుతుందో చెప్పే అంకె), తరంగదైర్ఘ్యాల లబ్ధంతో భాగిస్తే కాలమ్ డెన్సిటీ వస్తుంది. అంటే చదరపు సెంటీమీటరు అడ్డుకోత ఉన్న గొట్టాన్ని ఆ వాయువు గుండా దూరిస్తే అందులో పడే అయాన్ల సంఖ్య. సిలికాన్-3కు ఆసిలేటర్ స్ట్రెంగ్త్ 1.63. కాబట్టి సెకనుకు ఒక్కో కిలోమీటరు ఆప్టికల్ డెప్త్‌కు 1.92 × 10¹¹ అయాన్లు.

గీత తుల్య వెడల్పు (మింగిన వెలుగంతటికీ సమానమైన పూర్తి నల్లని పట్టీ వెడల్పు) 100 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుందాం. గీత పలచనిదైతే అది సెకనుకు 24.8 కిలోమీటర్ల ఆప్టికల్ డెప్త్. కాలమ్ డెన్సిటీ 4.8 × 10¹². ఇప్పుడు వెలుగు మట్టాన్ని ఐదు శాతం ఎత్తుగా గీశామనుకోండి. సెకనుకు 100 కిలోమీటర్ల వెడల్పు కిటికీలో అది దొంగగా 5 కిలోమీటర్లు చేర్చేస్తుంది, అంటే దాదాపు 1 × 10¹² అయాన్లు. ఇరవై శాతం తప్పు వర్ణపటంలో లేదు, మనం గీసిన గీతలో ఉంది. సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి 10 ఉన్న వర్ణపటంలో, సెకనుకు 50 కిలోమీటర్ల వెడల్పున పరిచిన గీతకు మూడు సిగ్మా హద్దు (నాయిస్ కాదని నమ్మదగ్గ కనిష్ఠ మట్టం) 36 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే దాదాపు 1.7 × 10¹². అంతకన్నా తక్కువైతే ‘లేదు’ అని రాయకూడదు, ‘ఇంతకంటే తక్కువ’ అని రాయాలి. తర్వాత సగటులు కట్టేటప్పుడు ఈ రెండు మాటల మధ్య తేడాయే ఫలితాన్ని మారుస్తుంది.

గీతలు లోతుగా ఉన్నప్పుడు ఇంకో మోసం. ఇరవై వేల డిగ్రీల వేడిలో సిలికాన్ గీత సహజ వెడల్పు సెకనుకు ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు. కాస్ చూపు 18. లోపల నల్లగా నిండిపోయిన సన్నని గీతను కాస్ పరిచి, పలచన చేసి చూపిస్తుంది. ఇంకా వెలుగు మిగిలే ఉంది కదా అని సూత్రం వేస్తే తక్కువ అంకె వస్తుంది. సిలికాన్-4, కార్బన్-4 జంట గీతలుగా వస్తాయి, వాటి బలాలు రెండుకు ఒకటి. రెండింటితో విడివిడిగా లెక్క కట్టాలి. బలహీనమైన గీత ఎక్కువ అంకె ఇస్తే నిండిపోయిందని అర్థం. సిలికాన్-3కు జంట లేదు. లోతైన చోట దాన్ని కనిష్ఠ హద్దుగా రాసుకోవడం తప్ప దారి లేదు.

ఒక్కో అయానుకు ఒక్కో వల

ఆండ్రోమెడా కేసులో వాడిన వేగాల కిటికీ సెకనుకు −510 నుంచి −150 కిలోమీటర్ల దాకా (ఋణ గుర్తు అంటే మన వైపు వస్తోందని). −150 నుంచి ఇటు పాలపుంత వాయువు దట్టంగా ఉంటుంది. ఈ కిటికీలో ఏ గీత పనికొస్తుందో, ఏది కొంప ముంచుతుందో ముందే తెలుసుకుని కూర్చోవాలి. వాటిలో కొన్ని ఇక్కడ.

సిలికాన్-2కు బలమైన గీత 1260.42. కానీ పాలపుంతలోని గంధకం 1259.52 దగ్గర ఒక గీత ఇస్తుంది. సిలికాన్ గీత కొలమానంలో అది సెకనుకు −215 కిలోమీటర్ల దగ్గర కూర్చుంటుంది, కిటికీ లోపలే. దీన్ని చూసి ఆండ్రోమెడా దొరికిందని సంబరపడితే అంతే సంగతులు. 1193.29, 1526.71 గీతలతో సరిచూసుకోకుండా 1260ని అక్కడ నమ్మకూడదు.

కార్బన్-4 జంటలో రెండో గీత 1550.78, మొదటిది 1548.20. రెండిటి మధ్య దూరం సెకనుకు 498 కిలోమీటర్లు. అంటే పాలపుంత ఇచ్చే మొదటి గీత, రెండో గీత కొలమానంలో −498 దగ్గర పడుతుంది. పాలపుంత గీత అటూ ఇటూ వంద కిలోమీటర్లు పరుచుకుంటుంది కాబట్టి, −400 కన్నా కింద రెండో గీతతో సరిచూసుకోవడం కుదరదు. మొదటి గీత ఒక్కటే మిగులుతుంది.

ఆక్సిజన్-6 అన్నింటికంటే చెడ్డది. దాని 1037.62 గీతకు −370 దగ్గర పాలపుంత కార్బన్-2 గీత అడ్డంగా ఉంటుంది, పక్కనే హైడ్రోజన్ అణువుల గీతలు. ఆ గీతను మరిచిపోవచ్చు. 1031.93 గీతకు −214 దగ్గర హైడ్రోజన్ అణువు గీత ఇంకొకటి. అది ఎంత బలంగా ఉండాలో అదే స్థాయి నుంచి వచ్చే మిగతా హైడ్రోజన్ అణువు గీతల్ని చూసి మోడల్ కట్టి, తీసేయాలి. పైగా ఈ గీతలు కాస్ మామూలు హద్దుకు అవతల ఉన్నాయి. 1999 నుంచి 2007 దాకా పనిచేసిన ఫ్యూజ్ ఉపగ్రహం తీసిన వర్ణపటాలే దిక్కు. అది చూసిన కొద్ది ప్రకాశవంతమైన క్వేజార్లకే ఆక్సిజన్-6 కొలత ఉంది.

దూరపు మేఘాల విషయంలో సిలికాన్-3కు మాత్రం ఒక వరం ఉంది. 1205.3 అనేది లైమన్-ఆల్ఫా 1215.67 కన్నా తక్కువ. విశ్వం విస్తరించడం వల్ల గీతలు ఎరుపు వైపే జరుగుతాయి గనుక ఏ దూరపు లైమన్-ఆల్ఫా గీతా ఇక్కడికి రాలేదు. హైడ్రోజన్‌దే మరో గీత, లైమన్-బీటా, రావచ్చు. అలా వస్తే దాని రెడ్‌షిఫ్ట్ (తరంగదైర్ఘ్యం ఎన్నో వంతు పెరిగిందో చెప్పే అంకె) 0.175 అయివుండాలి, అప్పుడు దాని ఆల్ఫా గీత 1428.5 దగ్గర అంతకంటే బలంగా కనబడాలి. అక్కడ ఖాళీగా ఉంటే అనుమానం తీరినట్టే. కార్బన్-4కు ఈ సౌకర్యం లేదు. 1546.65 దగ్గరి గుంట రెడ్‌షిఫ్ట్ 0.272 దగ్గరి లైమన్-ఆల్ఫా కావచ్చు. దాని బీటా గీత కోసం చూద్దామంటే అది 1305.0 దగ్గర పడుతుంది. సరిగ్గా భూమి ఆక్సిజన్ వెలుగు చిమ్మే చోటు. రాత్రి ఫోటాన్లు ఏరిన వర్ణపటం లేకపోతే ఆ తనిఖీ ఉత్తుత్తిదే.

మాగెలానిక్ తోక

వీటన్నింటినీ తరంగదైర్ఘ్యం చూసి విడదీయవచ్చు. మాగెలానిక్ స్ట్రీమ్‌ను అలా విడదీయలేం. అది కూడా సిలికాన్, కార్బన్ ఉన్న వాయువే, అవే గీతలు ఇస్తుంది. మాగెలానిక్ మేఘాల నుంచి విడివడి, ఆకాశంలో వంద డిగ్రీలకు పైగా సాగి, దాని కొస ఆండ్రోమెడా దిక్కుకు దగ్గరగా వస్తుంది. కొసకు పోయేకొద్దీ వేగం మరింత ఋణంగా మారి, −300, −400 ప్రాంతాలకు చేరుతుంది.

బృందం వాడిన ఉపాయం ఇది. స్ట్రీమ్ పొడవునా ఒక అక్షం ఊహించి, దాని మీదుగా రేఖాంశం, దానికి అటూ ఇటూ అక్షాంశం కొలిచే మాగెలానిక్ కోఆర్డినేట్లు ఉన్నాయి. ప్రతి క్వేజార్‌కూ ఆ చిరునామా కట్టి, హైడ్రోజన్ ఇచ్చే 21 సెంటీమీటర్ల రేడియో తరంగాల సర్వేల ప్రకారం ఆ రేఖాంశంలో స్ట్రీమ్ ఏ వేగంలో ఉండాలో చూస్తారు. గీతలోని ఒక భాగం ఆ వేగానికి దగ్గరగా ఉంటే దాన్ని స్ట్రీమ్ ఖాతాలో వేసి పక్కన పెడతారు. గీత మొత్తాన్ని కాదు, ఆ వేగపు భాగాన్ని మాత్రమే. ఒకే గుంటలో −370 భాగం స్ట్రీమ్‌కు పోయి, −250 భాగం ఆండ్రోమెడాకు మిగలవచ్చు.

ఈ పద్ధతి అవసరానికి మించి తీసేసే అవకాశం ఉంది. ఆండ్రోమెడా వాయువే ఆ వేగంలో ఉంటే అది కూడా పోతుంది. అయినా అటువైపు తప్పడమే నయం. మిగిలింది నిజంగా ఆండ్రోమెడాదేనా అన్న పరీక్ష తర్వాత వస్తుంది: మిగిలిన భాగాల కాలమ్ డెన్సిటీని ఆండ్రోమెడా కేంద్రం నుంచి దూరానికి ఎదురుగా గీస్తే క్రమంగా తగ్గాలి. స్ట్రీమ్ వాయువు అయితే ఆండ్రోమెడా దూరంతో దానికి పనిలేదు. గీస్తే తగ్గింది. సిలికాన్-2 లాంటి చల్లని అయాన్లు దూరంతో పాటు గట్టిగా పడిపోయాయి, ఆక్సిజన్-6 మెల్లగా తగ్గింది. గెలాక్సీ చుట్టూ ఏ దిక్కున చూశామన్న దానితో పెద్ద తేడా రాలేదు. కొన్ని గీతలు ఆండ్రోమెడా ఉపగ్రహ మరుగుజ్జు గెలాక్సీల దగ్గర, వాటి వేగాల్లోనే పడ్డాయి. వాటినీ విడిగా పరిశీలించి, ఆ వాయువు ఉపగ్రహాలది అయ్యే అవకాశం తక్కువని తేల్చారు.

సిలికాన్-3 విరియల్ వ్యాసార్ధానికి 1.2 రెట్ల దూరం దాకా, అంటే సుమారు 360 కిలోపార్సెక్‌ల దాకా, దాదాపు ప్రతి దారిలోనూ తగిలింది. ఆక్సిజన్-6 అయితే 1.9 రెట్ల దూరం దాకా. 150 కిలోపార్సెక్‌ల లోపల గీతలు చిందరవందరగా, చల్లని, వెచ్చని పొరలు కలగలిసి ఉన్నాయి. సూపర్‌నోవాలు, గెలాక్సీ గాలులు అక్కడ దాకా తాకుతున్నాయని దాని అర్థం కావచ్చు. అవతల అంతా సద్దుమణిగి ఉంది.

ద్రవ్యరాశి: చేతి లెక్క

అసలు లెక్కలో కాలమ్ డెన్సిటీ దూరంతో ఎలా తగ్గుతుందో ఫిట్ చేసి, వలయం వలయంగా కూడతారు. కానీ గుండ్రటి అంకెలతో అరపేజీలో అదే జవాబు దగ్గరికి చేరవచ్చు. విరియల్ వ్యాసార్ధం లోపలి వృత్త వైశాల్యం 2.7 × 10⁴⁸ చదరపు సెంటీమీటర్లు. ఆక్సిజన్-6 సగటు 3.2 × 10¹⁴ అనుకుంటే మొత్తం 8.6 × 10⁶² అయాన్లు, సుమారు కోటీ పదిహేను లక్షల సూర్యుల బరువు. ఆక్సిజన్‌లో ఐదో వంతుకు మించి ఎప్పుడూ ఆ అయానుగా ఉండదు. కాబట్టి ఆక్సిజన్ కనీసం ఐదు కోట్ల డెబ్బై లక్షల సూర్యులు. బరువైన మూలకాల మొత్తంలో ఆక్సిజన్ వాటా 44 శాతం ప్రాంతం. అలా 1.3 × 10⁸ సూర్యుల లోహాలు తేలతాయి. ఖగోళంలో హైడ్రోజన్, హీలియం కానివన్నీ లోహాలే. చల్లని వాయువుకు సిలికాన్ అన్ని అయాన్లూ కలిపి 2 × 10¹³ వేసి చూస్తే ఇంకో రెండు కోట్ల చిల్లర లోహాలు, అంతే. బరువంతా వెచ్చని వాయువులోనే ఉంది. ప్రచురించిన అంకె కూడా 10⁸కి తక్కువ కాదనే.

లోహాల నుంచి మొత్తం వాయువుకు పోవాలంటే హైడ్రోజన్ కావాలి. అక్కడ బండి ఆగుతుంది. ఆండ్రోమెడా వేగంలో లైమన్-ఆల్ఫా 1214.45 దగ్గర పడాలి. అది పాలపుంత హైడ్రోజన్ నల్లటి గుంట అడుగున, భూమి హైడ్రోజన్ వెలుగు పక్కన ఉంది. అక్కడ కొలవడానికి ఫోటాన్లే లేవు. గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్‌తో 48 దారుల్లో 21 సెంటీమీటర్ల గీత కోసం వెతికారు. చదరపు సెంటీమీటరుకు 4 × 10¹⁷ పరమాణువుల హద్దు దాకా పోయినా ఒక్కచోట కూడా దొరకలేదు. అలా దట్టమైన హైడ్రోజన్ హాలోలో ఐదు శాతం జాగా కూడా కప్పడం లేదని తేలింది, వాయువు దాదాపు అంతా అయనీకరణం చెందిందని తెలిసింది. లోహాల నిష్పత్తి మాత్రం తెలియలేదు.

అందుకే ఫలితంలో దాన్ని తెరిచే ఉంచారు. సూర్యుడిలోని లోహాల నిష్పత్తిలో 0.3 వంతు అనుకుంటే పై చేతి లెక్కలో వెచ్చని వాయువు 3.4 × 10¹⁰, చల్లనిది 0.7 × 10¹⁰, వెరసి 4 × 10¹⁰ సూర్యులు. ప్రచురించిన అంకె కూడా అంతే, ‘కనీసం’ అన్న గుర్తుతో. నిష్పత్తి 0.1 అయితే అదే గీతలకు 12 × 10¹⁰ వస్తుంది. ఆ అంకెను మరోచోట వాడేటప్పుడు 0.3ను కూడా వెంట తీసుకుపోవాలి. చాలామంది దాన్ని వదిలేసి అంకె ఒక్కటే ఎత్తుకుపోతారు.

‘కనీసం’ అన్న గుర్తుకు నిండిపోయిన గీతలు, ఆక్సిజన్ ఐదో వంతు ఊహ కారణమైతే, మూడో కారణం −150 దగ్గర మనం వేసిన కంచె. పాలపుంత హాలో కూడా ఇంత విశాలంగానే ఉండి ఉంటే, ఆక్సిజన్-6 వాయువులో రెండు హాలోలు ఇప్పటికే ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆండ్రోమెడా చుట్టూ తిరిగే వాయువులో సెకనుకు −100 కిలోమీటర్ల వేగంలో ఉన్నది ఎంతైనా, ఈ పద్ధతిలో అది పాలపుంత పద్దులోకే పోతుంది.